కడుపునొప్పి నాటకమేనా?

మన బడి వార్షిక సంచికకి ఏదైనా రాయమని అడిగిన ప్రతి ఏడూ మేము "ఇంట్లో పిల్లల చేత తెలుగు మాట్లాడించడం ఎలా" అన్న దాని మీదే రాస్తూ వచ్చాము. ఈసారి పిల్లల కడుపునొప్పి గురించి రాస్తామంటే సంపాదకవర్గం వారు కాసేపు ఆలోచించి, "సరే గానీ, భోజనం ముందు చదవలేనట్టు మాత్రం రాయకండి" అన్నారు. ఆ షరతుకి లోబడే రాస్తున్నాము. మేము డాక్టర్లం కాము. ఇద్దరం అక్కడ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ కంప్యూటర్ల ముందు కూర్చుని బతుకుతున్నవాళ్లం. కానీ ఒక పిల్లవాడి కడుపునొప్పిని తొమ్మిది నెలల పాటు తప్పుగా అర్థం చేసుకున్న అనుభవం మాకుంది. ఆ పిల్లవాడు మావాడే.

శనివారం పొద్దున మన బడిలో పాఠం చెప్పినవాళ్లందరికీ ఈ దృశ్యం తెలుసు. గుణింతాల దాకా పిల్లలు హుషారుగానే ఉంటారు. ఒత్తులు మొదలుపెట్టగానే ఒకరికి దాహం వేస్తుంది, ఒకరికి బాత్‌రూం గుర్తొస్తుంది, ఒకరికి కడుపునొప్పి వస్తుంది. వలంటీర్లం మాలో మేము దానికి "ఒత్తునొప్పి" అని పేరు కూడా పెట్టుకున్నాము. రెండేళ్ల కిందట మావాడు, అప్పటికి వాడికి పదేళ్లు, వరసగా మూడు వారాలు కడుపు పట్టుకుని కూర్చుంటే అందరికంటే ముందు నవ్వింది మేమే. నలుగురిలో నవ్వాము. ఆ తరవాత వాడు బడిలో నొప్పి అనడం మానేశాడు. తగ్గిందనుకున్నాము.

ఇంట్లో మాత్రం అప్పుడప్పుడూ అంటూనే ఉండేవాడు. మన ఇళ్లలో కడుపునొప్పికి వైద్యం ఎలా జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఫోనులో అమ్మమ్మగారు వాము నీళ్లు పట్టమన్నారు. నానమ్మగారు బొడ్డు చుట్టూ ఇంగువ రాయమన్నారు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశాము. పెరుగన్నంలోకి ఆవకాయ మానిపించాము. టక్‌షాపు చిప్స్ మానిపించాము. నులిపురుగుల మందు వేశాము. ఇవేవీ పనిచేయకపోతే పెట్టెలోంచి ఓమెజ్ తీశాము. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారి ఆ గోళీల అట్ట లేకుండా ఇండియా నుంచి తిరిగొచ్చే సూట్‌కేసు ఉండదు కదా. పెద్దవాళ్ల మోతాదులో ఇది పిల్లలకి వేయవచ్చా లేదా అని కూడా అడగలేదు. నాలుగు రోజులు వేస్తే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. మరీ ఏడిస్తే జ్వరానికి తెచ్చిపెట్టుకున్న ఇబుప్రొఫెన్ సిరప్ పట్టేవాళ్లం. అది కడుపులో పొరని ఇంకా దెబ్బతీసే మందు అన్న సంగతి మాకు ఆ తరవాత తెలిసింది.

ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్ ఫైలు చూడకుండా ఎవరినీ నోరు విప్పనివ్వము. అలాంటి మేము ఇంట్లో తొమ్మిది నెలలు ఒక్క ముక్క రాసిపెట్టుకోకుండా, ఎర్రర్ కనపడకుండా చేసే ప్యాచ్‌లు మాత్రం వేసుకుంటూ పోయాము.

అసలు సంగతి బయటపడింది డాక్టరు దగ్గర కాదు, ఫోనులో. మాతో వాడు ఎప్పుడూ "మై టమ్మీ హర్ట్స్" అని మూడు ముక్కలే అనేవాడు. ఒక ఆదివారం నానమ్మతో వీడియోలో మాట్లాడుతూ, తనకొచ్చిన తెలుగులో, "ఆకలేస్తే మంట నానమ్మా, తింటే పోతుంది" అన్నాడు. ఆవిడ వెంటనే మాలో ఒకరిని పిలిచి, "ఒరే, వాడికి తిన్నందుకు నొప్పి కాదురా, తిననందుకు నొప్పి. మీ నాన్నగారికీ ఇంతే ఉండేది. రాత్రిపూట లేచి మజ్జిగ తాగేవారు, గుర్తులేదూ?" అని అడిగారు. మాకు గుర్తుంది. ఆ మధ్య రెండుసార్లు అర్ధరాత్రి మావాడు వంటింట్లో చీకట్లో కూర్చుని పాలు తాగుతూ కనిపించడం కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఎదిగే వయసు, ఆకలేస్తోంది కాబోలు అనుకున్నాము.

ఆ వారమే జీపీ దగ్గరికి వెళ్లాము. ఆవిడ వాడిని మూడు ప్రశ్నలు అడిగారు. నొప్పికి నిద్రలోంచి మెలకువ వస్తోందా? ఒక్క వేలితో చూపించు, ఎక్కడ? ఇంట్లో ఎవరికైనా కడుపులో పుండు ఉండేదా? వాడి వేలు బొడ్డు మీద కాక, దానికి పైన, రొమ్ము ఎముక కింద ఆగింది. రక్తపరీక్షలో ఐరన్ బాగా తక్కువగా ఉంది. పిక్నిక్ పాయింట్ మెట్ల దారి ఎక్కలేక సగంలో కూర్చుంటున్నాడంటే ఐప్యాడ్ పిల్లవాడు అని తిట్టాము గానీ, అది రక్తం తక్కువై అని మాకు తట్టలేదు. రిఫరల్ మీద రేంజ్ దిగి బ్రిస్బేన్ వెళ్లాము. అక్కడ మత్తిచ్చి ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయం దాటగానే చిన్నపేగు మొదట్లో పుండు ఉంది. మన పెద్దవాళ్లు పేగుపూత అనేవారే, అదే. తీసిన ముక్కలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉంది.

ఈ సూక్ష్మజీవి కథలో ముఖ్యమైన భాగం మనం ఉంటున్న ఈ దేశంలోనే, అవతలి ఒడ్డున పెర్త్‌లో జరిగిందని మాకు ఆ తరవాతే తెలిసింది. అక్కడి రాయల్ పెర్త్ హాస్పిటల్లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో జీర్ణాశయం పొరల మీద వంకర తిరిగిన బాక్టీరియాని గమనించారు. అంత ఆమ్లంలో ఏ జీవీ బతకదని అప్పటి నమ్మకం కాబట్టి ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. తరవాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశారు. ఎన్ని నమూనాలు పెంచినా ఆ బాక్టీరియా పెరిగేది కాదు, రెండు రోజులు చూసి పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవులు వచ్చి పళ్లేలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే పెరిగి ఉంది. దానికి కావలసింది కొంచెం ఎక్కువ సమయం, అంతే.

అయినా లోకం నమ్మలేదు. పుండు అంటే దిగులు వల్ల, కారం వల్ల, ఆమ్లం వల్ల అనే అందరూ అనేవారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేశారు. అప్పుడాయనకి 32 ఏళ్లు. ఇంట్లో ముందుగా చెప్పలేదట, చెబితే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది! కొద్ది రోజుల్లో వాంతులు మొదలయ్యాయి. పది రోజులకి ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయమంతా వాచి, బాక్టీరియాతో నిండి ఉంది. ఆయనకి పుండు పడలేదు, వాపే వచ్చింది. కానీ ఆరోగ్యంగా ఉన్న కడుపుని ఆ సూక్ష్మజీవి పాడుచేయగలదని తేలింది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం, ఈ బాక్టీరియా ఉన్న పుండుకి యాంటీబయాటిక్స్ ఇవ్వాలని చెప్పింది. 2005లో వారెన్‌కి, మార్షల్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మా హాస్టలు రోజులు చెప్పాలి. మా ఇంజనీరింగ్ రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో, మా రూమ్మేటు ఒకడికి పేగుపూత ఉండేది. వాడికి పచ్చళ్లు బందు, కాఫీ బందు, మూడు పూటలా పెరుగన్నం, రెండేసి గంటలకి చల్లటి పాలు. "టెన్షన్ తగ్గించుకో" అని అందరం సలహా చెప్పేవాళ్లం, అదీ పరీక్షల ముందు. 1994లో చెప్పిన మాట ఆరేళ్లయినా మా హాస్టలు దాకా రాలేదు. పాలు తాగితే కాసేపు చల్లగా ఉంటుంది గానీ ఆ తరవాత ఆమ్లం ఇంకా ఊరుతుందని కూడా మాకు తెలియదు.

పాపం ఆవకాయ! మన వైపు పేగుపూత ఎక్కువని పాతకాలం నుంచీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. బియ్యాన్ని అన్నారు, చింతపండుని అన్నారు, అందరికంటే ఎక్కువగా మిరపకాయని అన్నారు. 1984లోనే ఢిల్లీ డాక్టర్లు ఈ సంగతి పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పేగుపూత ఉన్నవాళ్లని రెండు జట్లు చేసి, ఇద్దరికీ ఒకే మందు ఇచ్చి, ఒక జట్టుకి మాత్రం రోజుకి 3 గ్రాముల ఎండుకారం భోజనంలో కలిపి పెట్టారు. పుండు మానడంలో రెండు జట్లకీ తేడా కనబడలేదు. కారం తింటే ఉన్న మంట ఎక్కువ అనిపించవచ్చు, అది వేరే మాట. మేము మాత్రం తొమ్మిది నెలలు ఆవకాయ జాడీకి శిక్ష వేసి, అసలు దొంగని ఇంట్లోనే ఉంచుకున్నాము.

ఇంట్లోనే అనడం ఊరికే కాదు. ఈ సూక్ష్మజీవి సాధారణంగా చిన్నతనంలోనే, ఎక్కువగా సొంత కుటుంబంలోని వాళ్ల నుంచే అంటుకుంటుంది. నోటి ద్వారా, వాంతి ద్వారా, మలం ద్వారా అని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆస్ట్రేలియాలో పుట్టినవాళ్లలో ఇది తక్కువ, మన దేశంలో పెరిగిన పెద్దవాళ్లలో సగానికి పైగా ఉంటుంది. చాలామందికి జీవితాంతం ఏమీ చేయదు, కొద్దిమందికే పుండు పడుతుంది. తరవాత పరీక్ష చేయిస్తే మా ఇద్దరిలో ఒకరికి కూడా ఉందని తేలింది. ఇరవై ఏళ్లుగా "నాకు కాస్త గ్యాస్ ట్రబులండీ" అని చెప్పుకుంటూ తిరుగుతున్నది అదేనేమో. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడి కడుపునొప్పి అని చూస్తే డాక్టరుకి ఇది వెంటనే తట్టకపోవచ్చు. మనం ఎక్కడి నుంచి వచ్చామో, తాతలకి ఏముండేదో, సెలవులకి ఇండియాలో ఎన్నాళ్లు ఉండి వచ్చామో మనమే చెప్పాలి. పెద్దవాళ్లని వెంట తీసుకెళితే, ఇంగ్లీషు రాదని వాళ్లని బయట కూర్చోబెట్టకండి. 131 450 నంబరులో దుబాసీని ఇప్పించమని డాక్టరుగారినే అడగవచ్చు.

మావాడికి ఆమ్లం తగ్గించే మందుతో పాటు రెండు రకాల యాంటీబయాటిక్స్ 14 రోజులు ఇచ్చారు. నోరంతా చేదు, కొంచెం విరేచనాలు. ఒక్క పూట కూడా తప్పకూడదు, తప్పితే చావని సూక్ష్మజీవి మందుకి లొంగకుండా తయారవుతుందని మరీ మరీ చెప్పారు. ఫ్రిజ్ మీద పట్టిక అతికించి వాడి చేతే టిక్కులు పెట్టించాము. తరవాత చాలా రోజులు ఐరన్ మందు వాడాము. (ఐరన్ వాడుతుంటే విరేచనం నల్లగా అవుతుంది. ఆ ముక్క ముందు తెలియక ఒక రాత్రి హడలిపోయి 13 43 25 84కి ఫోన్ చేశాము. క్వీన్స్‌లాండ్ వారి ఆరోగ్య ఫోను అది, రాత్రీ పగలూ నర్సు పలుకుతారు. ఆవిడ ఓపిగ్గా విని, ఏం చూసుకోవాలో చెప్పారు.) ఆరు వారాల తరవాత ఊపిరి పరీక్ష చేస్తే సూక్ష్మజీవి పోయింది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేము ఇంకో తప్పు చేసినవాళ్లమవుతాము. ఎందుకంటే ఈ సంగతి తెలిశాక బడి హాలులో టీ దగ్గర నలుగురైదుగురు తల్లిదండ్రులు, "అయితే మావాళ్లకీ ఆ టెస్టు చేయించేస్తాం" అన్నారు. ఒకరైతే ఇండియా వెళ్లినప్పుడు ల్యాబులో పనిలో పనిగా రక్తపరీక్ష చేయిస్తామన్నారు. వాళ్లతో మేము ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోము.

కడుపునొప్పి అనే పిల్లల్లో పుండు ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఇంగ్లండులో జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు 1958లో 1,000 మంది బడి పిల్లల్ని పరిశీలించి రాశారు. దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి నెలల తరబడి వచ్చిపోయే కడుపునొప్పి ఉంది, వాళ్లలో ఎక్కువమందికి లోపల ఏ జబ్బూ కనిపించలేదు. ఇప్పటి డాక్టర్లు కూడా అదే చెబుతున్నారు. పేగులకీ మెదడుకీ మధ్య నడిచే కబుర్లు కొంచెం గట్టిగా వినపడే పిల్లలు ఉంటారు. వాళ్లకి నొప్పి ఉంది, పుండు లేదు. పుండు లేకపోతే నొప్పి కూడా లేదని కాదు, మనం నాటకం అనేది సరిగ్గా అక్కడే. ఇక మలబద్ధకం సంగతి. స్కూలు టాయిలెట్ నచ్చక సాయంత్రం దాకా బిగబట్టుకునే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పాలు పడని పిల్లలు మనలో ఎక్కువే, అయినా రోజూ రెండు గ్లాసులు తాగించందే మనకి నిద్రపట్టదు.

2024లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి సవరించిన మార్గదర్శకాల్లో, అలాంటి మామూలు కడుపునొప్పి ఉన్న పిల్లలకి ఈ బాక్టీరియా కోసం పరీక్ష చేయవద్దనే ఉంది. చేస్తే మన ఇళ్ల పిల్లల్లో కొంతమందిలో అది కనిపిస్తుంది. కనిపించిందని మందులు వాడతాము. నొప్పికి కారణం అది కాదు కాబట్టి నొప్పి పోదు, యాంటీబయాటిక్స్ మాత్రం ఒంట్లోకి పోతాయి. రక్తంలో యాంటీబాడీ చూసే పరీక్ష ఎప్పుడో వచ్చి పోయినదాన్ని కూడా చూపిస్తుంది, దాన్ని బట్టి మందు వాడకూడదు. ఇంజనీర్లం కదా, ఏదో ఒక రిపోర్టు చేతిలో ఉంటే గాని మనకి తృప్తి ఉండదు. ఏ పరీక్ష అవసరమో డాక్టరుకి వదిలేయాలి. మనం ఇవ్వవలసింది అంతకంటే ముఖ్యమైనది, పిల్లవాడి నొప్పి వివరం.

రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎప్పుడు వచ్చింది, ఎక్కడ, తినకముందా తిన్నాకా, నిద్రలోంచి లేపిందా, విరేచనం ఎలా ఉంది, స్కూలు ఉన్న రోజా లేని రోజా. డాక్టర్ని కలవకముందే ఓమెజ్ లాంటివి మొదలుపెట్టకండి. అవి నొప్పిని దాచడమే కాదు, పరీక్షలో ఉన్నదాన్ని లేనట్టు చూపిస్తాయి. అందుకే పరీక్షకి ముందు రెండు వారాలు వాటిని ఆపమంటారు, యాంటీబయాటిక్స్ అయితే నాలుగు వారాలు. ఇప్పటికే ఎవరైనా డాక్టరు రాసిచ్చి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

రాత్రి నిద్రలేపే నొప్పి, బొడ్డుకి దూరంగా ఒకేచోట ఉండే నొప్పి, మాటిమాటికీ వాంతులు, మింగడం కష్టం కావడం, బరువు తగ్గడం లేక ఎదుగుదల ఆగడం, రక్తం తగ్గి పాలిపోవడం, ఇంట్లో పుండు ఉన్నవాళ్లు ఉండటం. వీటిలో ఏది ఉన్నా "చూద్దాంలే" అనకుండా జీపీ దగ్గరికి వెళ్లాలి. వాంతిలో రక్తం గాని, కాఫీపొడి లాంటిది గాని కనిపించినా, తారులా నల్లటి విరేచనం అయినా, భరించలేని నొప్పి హఠాత్తుగా వచ్చినా, ఆకుపచ్చగా వాంతి అయినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి. పిల్లవాడు సోలిపోతుంటే 000.

ఇదంతా తెలుగు బడి సంచికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మాకు మాత్రం ఇది అచ్చంగా తెలుగు బడి విషయమే. మావాడి ఇంగ్లీషు మా ఇంగ్లీషు కంటే బాగుంటుంది. అయినా ఆ ఇంగ్లీషులో వాడు మాకు తొమ్మిది నెలలు చెప్పింది "హర్ట్స్" అన్న ఒక్క మాటే, మేము విన్నదీ ఆ ఒక్క మాటే. కడుపు విషయంలో తెలుగుకి ఎన్ని మాటలున్నాయో చూడండి. మంట, పోటు, నులినొప్పి, మెలిపెట్టడం, ఉబ్బరం, వికారం, పుల్లటి తేన్పులు. అందులో "మంట" ఒక్కటి వాడికి వచ్చి ఉండటం వల్ల, దాన్ని ఆలకించే నానమ్మ ఫోనులో ఉండటం వల్ల సంగతి బయటపడింది. ఆకలికి నొప్పి రావడం, తింటే తగ్గడం పుండు ఉన్న పిల్లలందరిలో ఉండదని డాక్టరుగారు తరవాత చెప్పారు. మావాడిలో ఉంది, వాడు చెప్పగలిగాడు.

అందుకని పోయిన టర్మ్‌లో మేము శరీర భాగాల పాఠంలో కన్ను, ముక్కు, చెవి తరవాత ఒక పేజీ చేర్చాము. పిల్లలు మనిషి బొమ్మ గీసి, ఎక్కడ ఏమవుతుందో తెలుగులో రాయాలి. అల్లరి బాగానే జరిగింది. "తేన్పు" అన్న మాట దగ్గర తరగతి పావుగంట ఆగిపోయింది, ఎందుకో మీరు ఊహించగలరు. ఆ పేజీ కావలసినవాళ్లు బడి ఆఫీసు బల్ల మీద నుంచి తీసుకోవచ్చు, ఇంట్లో తాతయ్యలతో అమ్మమ్మలతో కలిసి ఇంకా మాటలు చేర్చి పంపండి. ప్రాంతానికో మాట ఉంటుంది, అన్నీ కావాలి.

కిందటి నెల ఒత్తుల పాఠం రోజున ఒక పాప కడుపు పట్టుకుంది. వెనక బల్ల మీద ఎవరో అలవాటుగా నవ్వబోయారు. పక్కకి పిలిచి, "ఒక్క వేలితో చూపించమ్మా" అన్నాము. బొడ్డు మీద పెట్టింది. పొద్దున ఏం తిన్నావంటే లేటైపోయి ఏమీ తినలేదంది. మా సంచిలో ఉన్న అరటిపండు ఇచ్చి, సాయంత్రం వాళ్లమ్మగారికి చెప్పి, పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాము.